వానాకాలంలో దీవులకు: తిరుపతి, చిత్తూరు నుంచి పోయేవాళ్లు ఏది ఎంచుకోవాలి?

ఆగస్టులో మాల్దీవుల గదుల ధర చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. జనవరి ధరకూ దానికీ పొంతనే ఉండదు. ఆ మాట ఇంట్లో ఎత్తగానే "వానల్లో సముద్రం కాడికి ఎవరన్నా పోతారా?" అని ఒకరు అడ్డం పడతారు. ధరా నిజమే, భయమూ నిజమే. కాకపోతే ఏ దీవి, ఏ నెల, దీవికి ఏ వైపు అన్నది తేలకుండా రెండిట్లో దేన్నీ నమ్మడానికి లేదు.

నా లెక్క ఇది. వాన పడితే తడుస్తాం, అంతే. ఉష్ణమండల దీవుల్లో వాన చాలాసార్లు గంటా రెండు గంటలు దంచి వెలిసిపోతుంది, వెనకే ఎండ కాస్తుంది. సెలవును నిజంగా చెడగొట్టేవి గాలీ, అలలూ. గాలి లేస్తే పడవలు ఆగుతాయి. పడవలు ఆగితే ఉన్నచోటే ఇరుక్కుంటాం, డబ్బు కట్టిన గదేమో అవతలి దీవిలో ఖాళీగా ఉంటుంది. అందుకే వాన ఎంత అని చూసేముందు రెండు సంగతులు చూడాలి. విమానం దిగాక గదికి చేరేలోపు ఎన్ని పడవలెక్కాలి? ఆ పడవ ఆగిన రోజున అక్కడ తిరగడానికి ఇంకేమైనా ఉందా? కింద ఏ దీవిని పైకి జరిపినా, ఏ దీవిని కిందికి నెట్టినా ఈ రెండిటిని బట్టే.

గాలి ఎటునుంచి వస్తోంది

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వీచేవి నైరుతి గాలులు. ఇవి దీవులకు పడమటి, నైరుతి తీరాలను కొడతాయి. అక్టోబరు నుంచి జనవరి దాకా ఈశాన్య గాలులు, ఇవి తూర్పు తీరాలను కొడతాయి. వాన కొట్టే వైపు కిటికీ మూసి అవతలి కిటికీ తెరుచుకున్నట్టు, ఏ నెలలో పోతున్నామో చూసి దీవికి అవతలి వైపు పట్టుకుంటే చాలావరకు పని జరిగిపోతుంది. భూమధ్యరేఖ దాటి కిందికి పోతే కథే వేరు. మనకు వానలు పడే జూలై, ఆగస్టుల్లో బాలి, మారిషస్ లాంటి చోట్ల పొడి కాలం.

మనవైపు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తిరుపతి, చిత్తూరుల్లో జూలై వానలు పెద్ద లెక్కలోకి రావు. పడమటి కనుమలు నైరుతి మబ్బుల్ని ముందే పిండేసుకుంటాయి కాబట్టి మనకు మిగిలేది సాయంత్రం జల్లులే. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టినప్పుడల్లా. 2021 నవంబరులో తిరుపతి వీధులు చెరువులై, తిరుమల ఘాట్ రోడ్లు మూసి, శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. మనం విమానం ఎక్కే చెన్నై కూడా అంతే. 2015 డిసెంబరు వరదల్లో ఆ విమానాశ్రయం కొన్ని రోజులు మూతపడింది. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుఫానుకు రన్‌వే మీద నీళ్లు నిలిచి మళ్లీ ఆగింది.

ఈ లెక్కన మనకు రెండు వేర్వేరు వానాకాలాలు. జూలై, ఆగస్టుల్లో ఇల్లు వదిలి విమానం ఎక్కడం తేలిక, దీవి దగ్గరే జాగ్రత్త. నవంబరు, డిసెంబరుల్లో దీవి బాగానే ఉండొచ్చు, మన గడప దాటడమే కష్టం. ఈ తేడా పట్టించుకోకుండా చేసే ప్లాను ఏదైనా సగం ప్లానే.

జూలై నుంచి సెప్టెంబరు: నా మొదటి ఓటు శ్రీలంక తూర్పు తీరానికి

శ్రీలంక అనగానే గాలె, మిరిస్సా, బెంతోట చూపిస్తారు ట్రావెల్ ఏజెంట్లు. అవన్నీ నైరుతి తీరంలో ఉన్నాయి. మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడ సముద్రం ఎగిసిపడుతూ ఉంటుంది, ఈతకు దిగనివ్వరు. అదే నెలల్లో అవతలి వైపున్న ట్రింకోమలీ, నీలావెలి, పాసికుడా తీరాలు నూనె పోసినంత నెమ్మదిగా ఉంటాయి. మధ్యనున్న కొండలు నైరుతి మబ్బుల్ని ఆపేస్తాయి. కొండ దిగిన గాలి పొడిగా, వేడిగా తూర్పు వైపు వీస్తుంది. దాన్ని అక్కడివాళ్లు కచ్చాన్ గాలి అంటారు. రాయలసీమలో పుట్టినవాళ్లకు ఈ వ్యవహారం వివరించి చెప్పక్కర్లేదు. ట్రింకోమలీకి గట్టి వానలు పడేది కూడా మనలాగే కార్తీక మార్గశిరాల్లోనే.

దీన్ని ముందు పెట్టడానికి అసలు కారణం పడవ అక్కర్లేకపోవడం. చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటన్నర కూడా పట్టదు. అక్కడి నుంచి ట్రింకోమలీ దాకా రోడ్డే. కారులో ఆరు గంటల దారి, కానీ ఆ దారిలో దంబుల్లా గుహలూ సిగిరియా కొండా తగులుతాయి కాబట్టి ఒక రాత్రి మధ్యలో ఆగితే ప్రయాణం అనిపించదు. జూలై నుంచి సెప్టెంబరు మధ్య మిన్నేరియా చెరువు నీళ్లు తగ్గి గడ్డి మొలుస్తుంది, చుట్టుపక్కల అడవుల్లోంచి ఏనుగులు వందల్లో అక్కడికి చేరతాయి. అంటే చంటిపిల్లలున్న ఇంటికి సముద్రం ఒక్కటే ఆధారం కాదు.

ట్రింకోమలీలో కోణేశ్వరం గుడికి ఫ్రెడరిక్ కోట లోపలి నుంచి నడిచిపోవాలి. కోట గుమ్మం దాటగానే చుక్కల జింకలు రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంటాయి. జనం చేతుల్లో అరటిపళ్లు చూసి దగ్గరికొస్తాయి, కొబ్బరికాయ సంచీ పట్టుకున్నవాళ్లను వదలవు. గుడి కొండ అంచున ఉంటుంది, కిందికి చూస్తే నిట్టనిలువుగా సముద్రం. పెద్దవాళ్లను వెంటబెట్టుకుపోయేవాళ్లకు ఈ ఒక్క మధ్యాహ్నం చాలు, బీచ్‌కి ఎందుకు తెచ్చావని అడగరు.

ఇంకో లాభం మనకే ప్రత్యేకం. చిత్తూరు, నగరి, పుత్తూరు వైపు అరవం రానివాళ్లు తక్కువ. ట్రింకోమలీలో, జాఫ్నాలో అది బాగా పనికొస్తుంది. ఆటో బేరం దగ్గరినుంచి హోటల్లో "చేప వేయొద్దు, ఒట్టి కూరలే" అని చెప్పడం దాకా. భోజనంలో అన్నం, పప్పు, కొబ్బరి సంబోలు, ఇడియాప్పం దొరుకుతాయి. సంబోల్లో ఎండుచేప పొడి కలుపుతారు, శాకాహారులు అడిగి తినాలి.

నీలావెలి ఎదురుగా పిజన్ ఐలాండ్ ఉంది, అక్కడ పగడాల మధ్య స్నార్కెలింగ్ చేయిస్తారు. దానికి మాత్రం పడవెక్కాలి, అదీ కాసేపే. ఆగినా పోయేదేమీ లేదు. నాగపట్నం నుంచి జాఫ్నా దగ్గరి కాంకేసన్‌తురై రేవుకు పోయే ఓడ వినడానికి బాగుంటుంది, కానీ సముద్రం బాగోలేనప్పుడు అది ఆగుతుంది. సెలవు లెక్కపెట్టుకుని పోయేవాళ్లు దాని జోలికి పోవద్దు. జూలై, ఆగస్టుల్లో కాండీలో ఎసల పెరహెర అనే ఊరేగింపు ఉత్సవం జరిగే రోజుల్లో ఆ ఊళ్లో గదుల ధర చుక్కలంటుతుంది. ఆ వేడుక కోసమే పోయేవాళ్లు ఎలాగూ పోతారు, మిగతావాళ్లు ఆ రోజులు తప్పించుకోవాలి.

బాలి: వానకు దూరం, జనానికి దగ్గర

వానే వద్దు, ఎండ గ్యారంటీ కావాలి అనేవాళ్లకు బాలి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అక్కడ పొడి కాలం, ఆగస్టు రాత్రులు హాయిగా చల్లబడతాయి. విమానాశ్రయం ప్రధాన దీవిలోనే ఉంది, గదికి చేరడానికి పడవ లేదు. ఉబుద్ పొలాలు, ఉలువాటు కొండమీద గుడి, 2012లో యునెస్కో గుర్తించిన సుబాక్ నీటి పద్ధతితో సాగయ్యే జటిలువి వరిమడులు, అన్నీ కారులో తిరిగి చూసేవే. పొద్దున్నే ప్రతి ఇంటి ముందూ అరిటాకు దొన్నెలో పూలు, అగరొత్తి పెట్టి పోతారు. తిరుపతి వాళ్లకు అదేమీ కొత్తగా అనిపించదు, దేవుళ్ల పేర్లూ అవే.

ఇబ్బంది ఏమిటంటే జూలై, ఆగస్టులు అక్కడ వానాకాలం ధరల నెలలు కావు, రద్దీ నెలలు. యూరప్ వాళ్లకూ అప్పుడే సెలవులు. చవక కోసం వెతికేవాళ్లు సెప్టెంబరు రెండో సగంలో పోతే వాతావరణం అదే, జనం పలచబడతారు. శ్రావణంలో పెళ్లయిన కొత్త జంటకు ఇంతకన్నా కుదిరే చోటు నాకు తోచదు.

పడవ లెక్క ఇక్కడ కూడా మరిచిపోవద్దు. ఎండ కాస్తోంది కదా అని సముద్రం నెమ్మదిగా ఉంటుందనుకోవడం పొరపాటు. దక్షిణార్ధగోళంలో అది శీతకాలం. ఎక్కడో దూరాన పుట్టిన తుఫానుల అలలు బాలి దక్షిణ తీరానికి పెద్దగా వచ్చి కొడతాయి. నుసా పెనిడాకు, గిలి దీవులకు పోయే స్పీడ్ బోట్లు ఆకాశం నీలంగా ఉన్న రోజున కూడా ఆగిపోతుంటాయి. గిలిలో మూడు రాత్రులకు ముందే డబ్బు కట్టేసి బాలిలో ఇరుక్కునేవాళ్లు వీళ్లే. ఒక రాత్రికి కట్టండి, మిగతావి అక్కడికి చేరాక చూసుకోవచ్చు. ఇంకోటి, ఫ్లోరెస్ దీవిలోని లెవోటోబి అగ్నిపర్వతం 2024 నవంబరులోనూ, 2025లోనూ బూడిద కక్కితే బాలి విమానాలు రద్దయ్యాయి. ఆఫీసులో సోమవారం పొద్దున చేరి తీరాలంటే ఆదివారం రాత్రి తిరుగు టికెట్ తీసుకోకండి.

ఖర్చుల్లో వీసా ఆన్ అరైవల్‌కు 5 లక్షల రూపయా, 2024 ఫిబ్రవరి నుంచి తీసుకుంటున్న పర్యాటక రుసుము లక్షన్నర రూపయా, మనిషికి. వినడానికి లక్షలే గానీ అక్కడి రూపయాలో. శాకాహారులకు టెంపే (పులియబెట్టిన సోయా గింజల అచ్చు), టోఫు, గాడో గాడో (వేరుశనగ పచ్చడి కలిపిన కూరగాయలు) ఉన్నాయి. సంబల్ అనే కారంలో రొయ్యల ముద్ద కలుపుతారు, "తెరాసి వద్దు" అని చెప్పాలి.

మలేషియా, థాయిలాండ్: ఊరికి కాదు, కూడలికి టికెట్ తీయండి

తేదీలు, చోట్లు ఆఖరు దాకా అటూఇటూ జరుపుకోవాలనుకునేవాళ్లకు ఈ రెండు దేశాలు బాగా కుదురుతాయి. రెండిటికీ రెండు తీరాలున్నాయి. ఒకవైపు చెడితే ఇంకోవైపు పోవచ్చు.

చెన్నై నుంచి కౌలాలంపూర్‌కు విమానాలకు కొదవలేదు. భారతీయులకు 30 రోజుల దాకా వీసా లేకుండా రానిచ్చే ఏర్పాటు 2023 డిసెంబరులో మొదలై 2026 చివరిదాకా పొడిగించారు. పోయే మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు నింపితే చాలు. కౌలాలంపూర్ దాకా మాత్రం టికెట్ తీసుకోండి. బయల్దేరే నాలుగైదు రోజుల ముందు వాతావరణం చూసి, తూర్పు తీరం బాగుంటే పెర్హెంతియన్, రెడాంగ్, తియోమన్ దీవుల్లో ఒకటి, లేదంటే పినాంగ్. మార్చి నుంచి అక్టోబరు దాకా తూర్పు దీవుల సీజను. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ హోటళ్లే చాలావరకు మూసేస్తారు. పెర్హెంతియన్‌కు కోట భారు దాకా లోపలి విమానం, అక్కడి నుంచి గంట కారు, కౌలా బెసుట్ రేవులో స్పీడ్ బోటు. నీళ్లు అద్దంలా ఉంటాయి, తాబేళ్లు కనబడతాయి. తిండి మాత్రం శాకాహారికి పరీక్షే. ఇంటినుంచి పొడులు, పచ్చడి తీసుకుపోవాల్సిన దీవి ఇది. పినాంగ్‌కు పడవ బెంగే లేదు, వంతెనలున్నాయి, జార్జ్‌టౌన్‌లో లిటిల్ ఇండియా ఉంది, వాన పడితే ఇడ్లీ తింటూ కూర్చోవచ్చు.

థాయిలాండ్‌లో ఫుకెట్, క్రాబీ అండమాన్ సముద్రం వైపు ఉన్నాయి. మే నుంచి అక్టోబరు దాకా అక్కడ వానా, అలలూ. సిమిలాన్ దీవుల జాతీయ వనాన్ని మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసేస్తారు. ఫోటోల్లో చూసి మోజుపడే మాయా బే ఆగస్టు, సెప్టెంబరుల్లో మూత. ఏజెంటు "ఆఫ్ సీజన్ ఆఫర్" అని ఫుకెట్ ప్యాకేజీ చూపిస్తే అందులో ఏ దీవులు నిజంగా తెరిచి ఉన్నాయో అడగండి. అవతలి వైపు, గల్ఫ్‌లో ఉన్న కో సముయి, కో ఫంగాన్, కో తావోలకు జూన్ నుంచి ఆగస్టు దాకా వాన తక్కువే. సముయికి నేరుగా పోయే విమానం ఖరీదు ఎక్కువ. సూరత్ థాని దాకా పోయి ఫెర్రీ ఎక్కితే చవక, కానీ అప్పుడు మళ్లీ పడవ లెక్క మొదలు.

మాల్దీవులు: ఎవరికి లాభం, ఎవరికి నష్టం

మాల్దీవులంటే పడవే. 1,192 దీవులు, విమానాశ్రయం దిగిన చోటునుంచి ఎక్కడికి పోవాలన్నా చాలావరకు స్పీడ్ బోటో, సీ ప్లేనో (నీళ్లమీద దిగే చిన్న విమానం). సీ ప్లేను పగటిపూటే ఎగురుతుంది. చెన్నై, బెంగళూరు నుంచి మీ విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి రాజధాని మాలే దగ్గరే ఉండాలి, దానికి వేరే ఖర్చు. మే నుంచి నవంబరు దాకా పడమటి గాలి వీస్తూనే ఉంటుంది. వరసగా నాలుగు రోజులు మబ్బు పట్టే అవకాశమూ ఉంది, నాలుగు రోజులూ ఎండ కాసే అవకాశమూ ఉంది.

మరి ఎవరికి లాభం? రిసార్టులోనే కూర్చుని, తిని, నిద్రపోయి రావడమే సెలవు అనుకునే జంటకు. వాళ్లకు వాన అందం, ధర లాభం. గాలి నేరుగా తగిలే పడమటి వైపు కాకుండా తూర్పు వైపు విల్లా అడిగి తీసుకోవాలి. ఇంకా సముద్రజీవులంటే పిచ్చి ఉన్నవాళ్లకు. 2011లో యునెస్కో జీవావరణ ప్రాంతంగా గుర్తించిన బా అటోల్ అనే పగడపు దీవుల గుంపులోని హనిఫారు బేకి మంటా రేలు అనే రెక్కల్లాంటి పెద్ద చేపలు గుంపులుగా వచ్చేది ఈ వానాకాలంలోనే, జూలై నుంచి అక్టోబరు దాకా ఎక్కువ. ఎండాకాలంలో పోతే ఆ దృశ్యం దొరకదు.

చవకగా స్థానిక దీవిలో గెస్ట్‌హౌస్ తీసుకుని రోజూ పడవెక్కి డాల్ఫిన్లు, సముద్రం మధ్య ఇసుక దిబ్బలు చూద్దామనుకునే కుటుంబానికి మాత్రం ఆగస్టు నష్టమే. పడవలాగిన రోజున చిన్న దీవిలో చుట్టూ నడిస్తే అరగంటలో అయిపోతుంది. అయినా పోవాలనుకుంటే మాలేకు దగ్గరలోని మాఫుషి లాంటి దీవి పట్టుకోండి. లేదా హుల్‌హుమాలేలో దిగండి. అది విమానాశ్రయానికి రోడ్డుతోనే కలిసి ఉంది. ప్రభుత్వ ఫెర్రీలు చాలావరకు శుక్రవారం నడవవు, ఆ రోజు దీవి మారే ప్లాను పెట్టుకోవద్దు. గదిధర మీద గ్రీన్ టాక్స్ అదనం. 2025 నుంచి రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్లు, చిన్న గెస్ట్‌హౌసుల్లో 6 డాలర్లు.

తిరుపతి వాళ్లకు విడిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. పూజకోసం విగ్రహాలు తీసుకురావడం మాల్దీవుల కస్టమ్స్ నిషేధించింది. సూట్‌కేసులో ఒక మూల చిన్న వెంకటేశ్వరస్వామి ప్రతిమ పెట్టుకోవడం మనకు అలవాటే. ఆ ప్రయాణానికి దాన్ని ఇంట్లోనే ఉంచండి.

అండమాన్: వీసా లేదు, పూచీ కూడా లేదు

పాస్‌పోర్టు లేనివాళ్లకు, మొదటిసారి విమానం ఎక్కే పెద్దవాళ్లకు అండమాన్ సులువు. చెన్నై నుంచి రెండు గంటల పైచిలుకు. మన డబ్బే, మన ఫోనే. పోర్ట్ బ్లెయిర్‌ను 2024లో శ్రీ విజయపురం అని మార్చారు, టికెట్లలో రెండు పేర్లూ కనబడతాయి. బజారులో తెలుగు వినబడుతుంది. ఉత్తరాంధ్ర నుంచి పోయి స్థిరపడ్డ కుటుంబాలు అక్కడ బోలెడు.

కానీ వాతావరణం దగ్గర దీని జాతకం బాగోలేదు. నైరుతి రుతుపవనాలు కేరళకంటే ముందు, మే రెండో సగంలోనే అండమాన్ తాకుతాయి. అవి పోయాక ఈశాన్య కాలం వాన. మే నుంచి డిసెంబరు దాకా పొడి నెల అంటూ చెప్పడానికి లేదు. అందరూ పోయేది స్వరాజ్ ద్వీప్, అంటే పాత హేవ్‌లాక్. దానికి పడవే దారి. గాలి హెచ్చరిక వస్తే రేవులో ఓడలన్నీ ఆపేస్తారు. అలాంటి రోజున జెట్టీ దగ్గర చూడాలి. ప్లాస్టిక్ కవర్లు చుట్టిన సూట్‌కేసుల మీద పిల్లలు నిద్రపోతుంటారు, పెద్దలు కౌంటరు చుట్టూ మూగి "రేపన్నా ఉంటుందా సార్?" అని అడుగుతుంటారు. లోపలివాడికీ తెలియదు. పడవ టికెట్ డబ్బు వెనక్కి వస్తుంది. అవతలి హోటల్ డబ్బు రాదు. 2016 డిసెంబరులో వాయుగుండం వల్ల వందలమంది యాత్రికులు హేవ్‌లాక్‌లో చిక్కుకుపోతే నేవీ ఓడలు పోయి తీసుకురావాల్సి వచ్చింది.

అందుకే వానల్లో అండమాన్ పోతే వరస తిరగేయండి. ఏజెంట్లు మొదట రెండు రోజులు శ్రీ విజయపురంలో పెట్టి ఆఖర్లో స్వరాజ్ ద్వీప్ పెడతారు, తిరుగు విమానానికి ముందురోజు పడవలో వెనక్కి తెస్తారు. అది ఎండాకాలపు వరస. వానల్లో దిగిన రోజో మర్నాడో సముద్రం బాగుంటే ముందు స్వరాజ్ ద్వీప్ ముగించుకుని, సెల్యులార్ జైలు, చిడియా టాపు లాంటివి చివరికి ఉంచుకోవాలి. అవి ఎక్కడికీ పోవు, వాన పడ్డా చూడొచ్చు. వెనక్కి వచ్చిన తర్వాత విమానానికి ముందు కనీసం రెండు రాత్రులు ఖాళీగా ఉండాలి. ఆ రెండు రాత్రులు ఇవ్వలేని సెలవైతే అండమాన్‌ను జనవరి, ఫిబ్రవరికి వాయిదా వేయడమే మేలు.

లక్షద్వీప్ గురించి ఎక్కువ చెప్పుకోవడానికి లేదు. అనుమతి పత్రం కావాలి, కొచ్చి నుంచి ఓడో, అగత్తికి చిన్న విమానమో. మే మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా అక్కడి సముద్రం పడవలకు పనికిరాదు, యాత్రలూ దాదాపు ఉండవు. వానాకాలం జాబితాలోంచి కొట్టేయండి. మారిషస్ జూలైలో చల్లగా, గాలిగా, తిరగడానికి బాగుంటుంది. వీసా చిక్కు లేదు, ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇచ్చేంత తెలుగువాళ్లున్నారు. కానీ దూరం ఎక్కువ, టికెట్ ఖర్చు ఎక్కువ, నాలుగు రోజుల సెలవుకు గిట్టదు.

దసరా సెలవులు, ఆ తర్వాత

పిల్లల బడులను బట్టి నడిచే ఇళ్లకు దొరికేది దసరా సెలవులే. అప్పటికి గాలి మారుతూ ఉంటుంది, అదే చిక్కు. బాలి ఇంకా బాగుంటుంది. పెర్హెంతియన్ ఆఖరి వారాలు, తొందరగా పోవాలి. మలేషియా పడమటి తీరంలోని లంకావి దీవికి సెప్టెంబరు, అక్టోబరులే వానలెక్కువ నెలలు, వద్దు. శ్రీలంకలో అక్టోబరు నుంచి రెండు వైపులా మధ్యాహ్నం ఉరుములతో వాన. నవంబరుకు తుఫాను భయం కూడా తోడవుతుంది. 2025 నవంబరు చివర్లో దిత్వా తుఫాను ఆ దేశాన్ని ఎలా ముంచిందో చూశాం. దసరాకు ఒక్కటే చెప్పమంటే బాలి అంటాను. ఇంకో చిన్న సంగతి, బ్రహ్మోత్సవాలూ అప్పుడే. గరుడ సేవ నాడు తిరుపతి నుంచి బయటపడడానికి బస్సో రైలో ముందే చూసుకోవాలి.

నవంబరు చివరికి ఫుకెట్, క్రాబీ తెరుచుకుంటాయి, లంకావి బాగుపడుతుంది. డిసెంబరు సగం దాటాక గాలె, మిరిస్సా, మాల్దీవుల వంతు. సముయి, పెర్హెంతియన్, ట్రింకోమలీల జోలికి అప్పుడు పోకూడదు. ఈ నెలల్లో చిత్తూరు, పలమనేరు వాళ్లు చెన్నై బదులు బెంగళూరు విమానాశ్రయం పట్టుకుంటే మంచిది. అక్కడ రన్‌వే మీద నీళ్లు నిలిచే భయం తక్కువ. తిరుపతి వాళ్లకు చెన్నై దగ్గర కాబట్టి మనసు ఒప్పదు. అల్పపీడనం కబురు వినబడితే ముందురోజే చెన్నై చేరి విమానాశ్రయం దగ్గర గది తీసుకోవడం, రాత్రిపూట పుత్తూరు, నగరి మీదుగా వానలో కారు తోలడంకంటే చవకే.

అటూఇటూ జరిపే వీలుకు డబ్బు ఎక్కడ పెట్టాలి

అన్నిటికీ ఫ్రీ క్యాన్సిలేషన్ తీసుకుంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. దేశం దాటే విమానం టికెట్ తేదీ మార్చుకునే రకం తీసుకోండి, క్యాన్సిల్ చేస్తే పూర్తి డబ్బు ఇచ్చే రకం అక్కర్లేదు. హోటల్ మాత్రం ముందురోజు దాకా ఉచితంగా రద్దయ్యేదే కావాలి, ముఖ్యంగా పడవ దాటి పోవాల్సిన దీవిలో ఉన్నది. కాస్త ఎక్కువ పడినా అక్కడ బేరమాడకండి. పడవ టికెట్లు వారం ముందు కొని పెట్టుకోవడం వల్ల వానాకాలంలో లాభమేమీ లేదు, సీట్లు ఖాళీగానే ఉంటాయి. ఒక టికెట్ మీద కలిపి ఇవ్వని రెండు విమానాల మధ్య మూడు గంటలు చాలులే అనుకోవద్దు. మొదటిది ఆలస్యమైతే రెండోవాడికి మన గోడు పట్టదు.

ప్రయాణ బీమా టికెట్ తీసిన రోజే తీసుకోవాలి. తుఫానుకు పేరు పెట్టి వార్తల్లో చదివాక కొన్న బీమా ఆ తుఫాను నష్టానికి సాధారణంగా పనికిరాదు. పాలసీలో వాతావరణం వల్ల రద్దయిన ప్రయాణం, ఆలస్యం రెండూ రాసి ఉన్నాయో లేదో చూడండి. చాలావాటిలో ఆసుపత్రి ఖర్చే ఉంటుంది.

వాన జోస్యం కంటే అలల జోస్యం చూడడం అలవాటు చేసుకోండి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ హిందూ మహాసముద్రంలో అలల ఎత్తు, ఉప్పెన అలల హెచ్చరికలు రోజూ ఇస్తుంది. చేపలు పట్టేవాళ్లకోసం పెట్టిందే అయినా మనకూ పనికొస్తుంది. ఫోన్లో ఏ వాతావరణ యాప్ తెరిచినా వానాకాలంలో దీవి మీద పది రోజులూ మబ్బూ మెరుపూ గుర్తే ఉంటుంది, దాన్ని చూసి టికెట్ రద్దు చేసుకునేవాళ్లున్నారు. గాలి వేగం, అల ఎత్తు చూడండి. అవి మూడు రోజుల ముందు చెప్పినవైతే చాలావరకు నమ్మొచ్చు.

తోతాపురి కాయలు ఫ్యాక్టరీకి తోలేసి జూలై ఆఖర్లో చేతిలో కాస్త డబ్బూ, పది రోజుల తీరికా ఉన్న చిత్తూరు రైతు ఇంటికి నేను చెప్పేది ట్రింకోమలీ. ఆఫీసు సెలవు అయిదు రోజులే దొరికే తిరుపతి జంటకు సెప్టెంబరులో బాలి, డబ్బు ఉంటే మాల్దీవుల రిసార్టు. అన్నదమ్ముల కుటుంబాలు కలిసి ఒక బండెడు మంది పోతుంటే కౌలాలంపూర్, పినాంగ్. అంతమందిని ఒకేసారి పడవెక్కించడం ఎండాకాలంలోనే కష్టం. పాస్‌పోర్టు ఇంకా చేతికి రానివాళ్లు తొందరపడి ఆగస్టులో అండమాన్ టికెట్ తీయకుండా సంక్రాంతి దాటాక చూసుకోండి, ఈలోపు తిరుపతి పాస్‌పోర్టు కేంద్రంలో అపాయింట్‌మెంటు తీసుకోవచ్చు. పాతది ఉన్నవాళ్లు గడువు చూసుకోండి, అక్కడ దిగే తేదీ నుంచి ఆరు నెలలు మిగలకపోతే చాలా దేశాలకు పోనివ్వకుండా విమానాశ్రయంలోనే ఆపేస్తారు.